కళ్లు తెరిచిన ఫోటో

భరణి ఫోన్‌ను బోర్లా పెట్టింది. పోయిన వారం ఆమెను మనం వదిలింది ఇక్కడే. ఆళ్లగడ్డలో, వాళ్ల నాయన ఓబులాచారి బొమ్మలు చెక్కే షెడ్డులో, రాతిదుమ్ము పట్టిన ముక్కాలిపీట మీద. ఫోన్ బోర్లా పెట్టినంత మాత్రాన అందులో మంట ఆరుతుందా? నిప్పును కొంగున కట్టుకుని, ముడి గట్టిగానే ఉందిలే అని ధైర్యం చెప్పుకున్నట్టుంది ఆ పిల్ల వరస.

ఆ మంట సంగతి ఒక్కసారి చెప్పుకుని ముందుకు పోదాం. కొత్తపల్లె వాళ్లు తమ ఊరి గుడికి అమ్మవారి విగ్రహం చెక్కే పనిని ఓబులాచారికి ఒప్పజెప్పారు. ఒళ్లంతా పూర్తయింది, కళ్లు మాత్రం మిగిలాయి. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం కనుపాప గీత షెడ్డులో గీయరు. ప్రతిష్ఠ రోజు గుళ్లో, తెర వెనక, శిల్పి తలంటుకుని వచ్చి బంగారు సూదితో గీస్తాడు. చెక్కిన చెయ్యే గీయాలి, ఇంకొకరి చెయ్యి పనికిరాదు. తల్లి మొదటి చూపు అద్దం మీద పడాలి, ఆ తర్వాత ఊరి మీద పడాలి. అంతవరకూ ముఖానికి పసుపు గుడ్డ కట్టి ఉంచుతారు. ప్రతిష్ఠ ఈ శుక్రవారమే. అలాంటిది సోమవారం పొద్దున 'గుడి పని' అనే ఫేస్‌బుక్ గ్రూపులో భరణి పేరు మీద ఒక ఫోటో పడింది. ముఖానికి గుడ్డ లేదు. అమ్మవారు కనుపాపలతో సహా కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది.

గుళ్లు కట్టుకునేవాళ్లు, బాగు చేయించుకునేవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో వేలమంది ఉన్న గ్రూపు అది. 'ప్రతిష్ఠ కాని విగ్రహం ముఖం పెట్టరాదు' అన్నది దాని మొదటి నియమం. 'ఇక్కడ అమ్మకాలు లేవు' అన్నది రెండోది. గ్రూపు నడిపే నాగేశ్వరమ్మ నంద్యాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. నియమం అంటే ఆమెకు నియమమే, బ్రతిమలాటలు పనికిరావు. మధ్యాహ్నానికల్లా ఫోటో తీసేసింది కానీ ఈలోపే అది కొత్తపల్లెలో ఇంటింటి ఫోన్‌లోకీ పోయింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో బుధవారం దీపాలు పెట్టే వేళకు గ్రూపులో రాయమని, రాయకపోతే భరణికీ ఆ షెడ్డుకూ ఇక అక్కడ చోటు లేదని నాగేశ్వరమ్మ చెప్పేసింది. భరణి పెట్టలేదు. ఆమె కాక ఆ అకౌంటు తెరవగల మనిషి ఒక్క రెబెకానే, నంద్యాలలో ఉండే స్నేహితురాలు. ఆమె కూడా పెట్టలేదంది.

ఈ రోజు బుధవారం.

బయటివాళ్లకు ఇదంతా ఫోన్‌లో గొడవ, రెండు రోజులకు మర్చిపోయేది. భరణికి మాత్రం ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గ్రూపు వల్లే. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్లకు పెద్ద పెద్ద బోర్డులుంటాయి, కారు దిగినవాళ్లు నేరుగా అక్కడికే పోతారు. సందులో ఉన్న ఓబులాచారి షెడ్డు దాకా వచ్చే కాలు లేదు. పని లేక ఉలులు తుప్పు పడుతున్న రోజుల్లో, నంద్యాలలో చిన్నచిన్న అంగళ్లకు ఆన్‌లైన్ పేజీలు నడిపే రెబెకా వచ్చి భరణిని ఆ గ్రూపులో చేర్పించింది. చేర్పించిన రోజే చెప్పింది. "మే, గ్రూపులో ముందు చెవి పెట్టు, నోరు తర్వాత. మన షెడ్డు పేరు ఎత్తొద్దు. అడగనోళ్ల ఇన్‌బాక్సులోకి పోవద్దు. పరాయోళ్లింటికి పోయినప్పుడు ఎట్లుంటామో అట్లుండాల."

భరణి అట్లే ఉంది. నెలల తరబడి అడిగినవాళ్లకు జవాబులు మాత్రమే చెప్పింది. రాయి లోపల పగులు ఉందో లేదో వేలితో కొట్టి ఎలా వినాలో చెప్పింది. ఒకాయన తమ ఊరి విగ్రహం వేలు విరిగిందని, కొత్తది చేయించాలని రాస్తే, కొత్తది అక్కర్లేదు, చెక్కిన వాళ్ల దగ్గరికే తీసుకుపోండి, సరిచేస్తారని రాసింది. చేతికొచ్చిన బేరాన్ని కాలదన్నుకుందని ఓబులాచారి ఆ రోజు అన్నం తినలేదు. శనివారం మాత్రం గ్రూపులో ఎవరి పని వాళ్లు చూపించుకోవచ్చు. ముఖం పెట్టకూడదు కదా, అందుకని భరణి పాదాలు పెట్టేది. మెట్టెలు, గజ్జెలు, వేళ్ల మీది గోళ్లు కూడా కనబడే పాదాలు. శనివారాల్లో ఆ పాదాలు చూడటానికే గ్రూపుకు వచ్చినవాళ్లున్నారు. 'పాదాల పాప' అని పేరు పడింది. ఒకసారి ఆమె మేనమామ ఉత్సాహం పట్టలేక, ఎవరో ముక్కూ మొహం తెలియని భక్తుడిలా 'ఈ షెడ్డును మించింది ఆంధ్రదేశంలో లేదు' అని కామెంటు పెట్టాడు. రెబెకా నంద్యాల నుంచి ఫోన్ చేసి ఆయన చేతే తీయించింది. దొంగ పొగడ్తతో వచ్చిన పేరు దొంగలాగే పోతుందని తిట్టింది కూడా. పాపం, ఆ మేనమామ ఇప్పటికీ ఆ గ్రూపులో నోరు విప్పడు.

అలా నిలబెట్టుకున్న పేరు చూసే కొత్తపల్లె వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు ఆ కొత్తపల్లె నుంచే ముప్పు వచ్చి సందు మొదట్లో కారు ఆపింది.

దిగింది వెంకటేశ్వర్లు శెట్టి, ఆయన భార్య కన్యకమ్మ. నంద్యాలలో ఆయనకు కిరాణా హోల్‌సేల్ అంగడి ఉంది. పుట్టింది కొత్తపల్లెలో కాబట్టి గుడి కమిటీకి ఆయనే పెద్ద. పన్నెత్తి మాట్లాడని మనిషి అని పేరు, ఆ రోజు మాత్రం గుమ్మం దాటకముందే గొంతు లేచింది.

"ఏం ఆచారీ! యాడుండావ్?"

షెడ్డు మూల గోనెపట్టా మీద కూర్చున్న ఓబులాచారి తల ఎత్తాడు. శెట్టి ఎదురుగానే, వాకిలి వెలుతుర్లో నిలబడి ఉన్నాడు.

"ఎవురూ?" అన్నాడు ఓబులాచారి.

శెట్టికి మండింది. "ఎవురా? నన్ను గుర్తుపట్టనంత పెద్దోడివైనావా అప్పా?"

"వెలుతురు అడ్డమొచ్చింది శెట్టిగారూ. రాండి, కూర్చోండి. పాపా, నీళ్లియ్యి."

"కూర్చోనీకి రాలే. నీళ్లు తాగనీకీ రాలే. ఆ గుడ్డ తియ్యి, నేను చూడాల."

ఓబులాచారి లేచి, గోడ పట్టుకుని, విగ్రహానికీ శెట్టికీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "ముఖం చూడకూడదు శెట్టిగారూ. చేయించినోళ్లయినా చూడకూడదు."

"ఊరూ వాడా చూసిందే! నేను చూస్తేనే తప్పొచ్చిందా? మా ఊర్లో ఆడోళ్లు ఏడుస్తాండారు ఆచారీ. తల్లి మొదటి చూపు మా మీద పడాల్సింది ఎవుడి ఫోన్ మీదనో పడిందంట. కళ్లు ఈడనే తెరిచేసిన బొమ్మ మాకొద్దంటాండారు. శుక్రవారానికి పందిరేసినాం, చుట్టాలను పిలిచినాం. నేనేం చెప్పాల వాళ్లకు?"

"కళ్లు తెరవలేదు శెట్టిగారూ" అంది భరణి.

"మరి ఆ ఫోటో ఏందీ?"

ఎంత చెప్పినా మాట మాటే, గుడ్డ తీస్తే తప్ప నమ్మరు. తీస్తే ఆనవాయితీ పోతుంది. భరణి కన్యకమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, గుడ్డ తీయకుండా తెలుసుకునే దారుంది. మీరు కాళ్లూ చేతులూ కడుక్కుని రాండి. గుడ్డ కింద చెయ్యి పెట్టి, వేలితో తల్లి కన్ను తడిమి చూడండి. గీత గీసుంటే వేలికి తగుల్తాది. మీరు చెప్పిందే మాట."

కన్యకమ్మ భర్త వైపు చూడలేదు. బయట తొట్టి దగ్గరికి పోయి కాళ్లూ చేతులూ కడుక్కుంది, కొంగుతో తుడుచుకోకుండా తడిచేత్తోనే వచ్చింది. కళ్లు మూసుకుని పసుపు గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చింది. ఆమె వేళ్లు గుడ్డ కింద మెల్లగా కదలడం అందరూ చూశారు. చెక్కిళ్లు, ముక్కు, రెప్ప. అక్కడ ఆగాయి. మళ్లీ ఒకసారి అటూ ఇటూ పోయాయి. ఓబులాచారి చెవి అటే పెట్టి నిలబడ్డాడు.

"నున్నగా ఉండాదండీ" అంది కన్యకమ్మ. "కోడిగుడ్డు మాదిరి నున్నగా ఉండాది. గీత లేదు. తల్లి ఇంకా నిద్రలోనే ఉండాది." అని అక్కడే కూలబడి ఏడ్చేసింది.

శెట్టి పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు. సగం బరువు దిగినట్టయింది ఆయనకు. మిగతా సగం కోపంగా మారింది.

"రాయి సంగతి సరే. ఫోటోలో కళ్లు యాడనుంచి వచ్చినాయి?"

"ఫోటోకు మెరుగు పెట్టే యాప్‌లుంటాయి శెట్టిగారూ. మసకగా ఉండే ముఖం పెడితే అదే దిద్దుతాది. కళ్లు లేకుంటే అదే కళ్లు పెడ్తాది. దానికేం తెలుసు, తల్లో పిల్లో."

"మిషన్‌కు తెలీదు, సరే. నొక్కినోళ్లకు తెలుసు కదా? ఎవురు నొక్కినారు?" ఆయన తన ఫోన్ తీసి ఆ ఫోటోను భరణి ముందు పెట్టాడు. "చూడు. బాగా చూసి చెప్పు."

సోమవారం కంగారులో ఒక్కసారి చూసి, మళ్లీ చూడటానికి భయపడిన ఫోటో అది. ఇప్పుడు కళ్ల ముందు నిండుగా ఉంది. కింది నుంచి, కాస్త పక్కకు ఒరిగి తీసింది. ఆ యాప్ పెట్టిన కళ్లు ఏ సినిమా పోస్టరు కళ్లో, తడిగా మెరుస్తున్నాయి. భరణి ఆ కళ్లను చూడలేక చూపు కిందికి దించింది. ఫోటో కింది మూల ఏదో మసక మచ్చ, తీసినవాళ్ల వేలు కెమెరాకు అడ్డం వచ్చినట్టుంది. బొటనవేలు. దానికి గోరు లేదు.

భరణి ఆ వేలిని గుర్తుపట్టింది. గోరు లేని ఆ బొటనవేలు పట్టుకుని ఆమె నడక నేర్చుకుంది. తను పుట్టకముందే సుత్తి దెబ్బకు ఊడిపోయి, మళ్లీ మొలవని గోరు. ఆ వేలు ఇంకెవరిదీ కాదు.

"ఏం పాపా, ఆ రెబెకా పిల్లేనా?" అన్నాడు శెట్టి. "ఊర్లో అదే అనుకుంటాండారు. మన దేవుళ్ల మర్యాద తెలీనోళ్ల చేతికి పనిచ్చినారు, ఇట్ల కాక ఎట్లయితాది అంటాండారు."

"అట్లనొద్దు" అంది కన్యకమ్మ కళ్లు తుడుచుకుంటూ. "చెన్నమ్మ టీచర్ కూతురు ఆ పిల్ల. మన బిడ్డ దివ్యశ్రీకి అక్షరాలు దిద్దించింది ఆ టీచరమ్మే."

"నేననడంల్యా, ఊరంటాంది. ఊరికి ఒక పేరు కావాల. పేరు చెప్తేనే శుక్రవారం పని జరుగుతాది. చెప్పు పాపా. ఆ పిల్లేనా, కాదా?"

కాదు అనడానికి ఎంతసేపు? భరణి నోటి దాకా వచ్చింది ఆ మాట. కాదంటే మరి ఎవరు అంటాడు శెట్టి. అప్పుడేం చెప్పాలి? విగ్రహం పక్కన నిలబడి ఉన్న నాయన వైపు ఆమె చూడను కూడా చూడలేదు, చూస్తే శెట్టి కూడా అటు చూస్తాడని భయం. తల దించుకుని నిలబడింది. ఆ పిల్ల మీద నాకు ఎంత ఇష్టమున్నా ఒక మాట చెప్పక తప్పదు. అక్కడ ఆమె నోరు విప్పకపోవడం తప్పు. దాని ఫలితం అనుభవించాల్సింది ఆమె కాదని తెలిసీ విప్పలేదు.

శెట్టి నిట్టూర్చాడు. "అర్థమైందిలే. స్నేహితురాలి పేరు నోటితో చెప్పలేవు. చెప్పకపోయినా తెలిసింది" అని బయటికి నడిచాడు. కన్యకమ్మ పోతూ పోతూ భరణి తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఇంకా చల్లగా ఉంది.

కారు పోయిన చప్పుడు ఆగింది. ఎదురుగా ఉన్న శెట్టిని నాయన 'ఎవురూ' అనడం గుర్తొచ్చి, భరణి చప్పుడు చేయకుండా విగ్రహం పక్కనుంచి నడిచి, నాయనకు ఎదురుగా నిలబడింది. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర.

"పాపా" అన్నాడు ఓబులాచారి వాకిలి వైపు ముఖం పెట్టి. "పోయినారా వాళ్లు? యాడుండావ్?"

"నీ ముందరే ఉండా నాయనా."

ఆయన ముఖం ఒక్కసారిగా ఆమె వైపు తిరిగింది. ఎడమచేతి బొటనవేలిని గుప్పిట్లోకి ముడుచుకున్నాడు. ఆ ముడుచుకోవడంతోనే భరణికి చివరి అనుమానం కూడా తీరిపోయింది.

"ఎప్పటినుంచి?" అంది.

"ఏందీ?"

"కనపడకుండా పోయింది ఎప్పటినుంచి అంటాండా."

ఓబులాచారి గోడకు ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు. అబద్ధం చెప్పడానికి ఓపిక కూడా లేనట్టుంది.

"చక్కెర జబ్బు పాపా. మొదట అంచులు పోయినాయి. ఉగాదినుంచి అంతా పొగ మాదిరే ఉండాది. నంద్యాల డాక్టరు దగ్గరికి ఒక్కణ్నే పోయొచ్చినా. నరం దెబ్బతినింది, ఆపరేషన్ చేసినా రాదని చెప్పినాడు."

"మరి ఈ తల్లిని ఎట్ల చెక్కినావు?"

"చేత్తో. రాయి చేతికి తెలుస్తాది పాపా. నలభై ఏండ్లుగా తడుముతాండే రాయి. ముక్కు, పెదిమె, చెవి కమ్మ, అన్నీ చేతికి తెలుస్తాయి. కనుపాప గీత చేతికి తెలీదు. అది కంటితో చూసి గీయాల్సిందే. ఫోన్లో పెద్దది చేసి కంటి దగ్గర పెట్టుకుంటే కొంచెం కనపడతాంది. అట్ల చూసుకుందామని సోమవారం పొద్దున్నే గుడ్డ తీసి నీ ఫోన్‌తో ఫోటో తీసినా. నువ్వు నీళ్లకు పోయినావు. మసకగా వచ్చింది. ఆ నక్షత్రం బొమ్మ నొక్కితే బాగా కనపడతాదని నువ్వే చెప్పినావు కదా, నొక్కినా."

భరణికి ఆ రోజు గుర్తొచ్చింది. పాత పెళ్లి ఫోటో మసకబారిందని నాయన బాధపడుతుంటే, నక్షత్రం గుర్తు నొక్కి, అమ్మ ముఖాన్ని తేటగా చేసి చూపించింది తనే.

"నొక్కితే తల్లి చూసింది పాపా" అన్నాడు ఓబులాచారి. "నన్నే చూసింది. నాకు ఒళ్లు జలదరించింది. ఈ కళ్లు దాచిపెట్టుకుంటే, గీత యాడ మొదలైందో యాడ ఆగిందో పెద్దది చేసి చూసుకుంటా, చూసుకుని చూసుకుని చేతికి నేర్పుకుంటా, శుక్రవారం గీసేయొచ్చు అనుకున్నా. దాచనీకి కింద నీలం రంగు బొత్తాం నొక్కినా. అది గ్రూపులోకి పోతాదని నాకు తెలీలే."

"తర్వాత తెలిసింది కదా."

ఓబులాచారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఈ మూడు దినాలు రెబెకాను అందరూ తిడతాంటే విన్నావు కదా నాయనా. నేను ఫోన్లో దాన్ని 'నువ్వు పెట్టలేదా, ఒట్టు పెట్టు' అని అడుగుతాంటే ఈడనే కూర్చుని విన్నావు కదా."

"విన్నా."

"ఎట్ల ఊరుకున్నావు?"

"భయం పాపా" అన్నాడు ఓబులాచారి. "గుడ్డి ఆచారి చెక్కిన బొమ్మ అంటారు. ఈ తల్లినే కాదు, ఇంతకు ముందు చెక్కినోటిని కూడా అనుమానంగా చూస్తారు. ఎన్ని ఊర్లలో పూజలందుకుంటాండాయో అవి. పనిపోతే పోనీ. ఆ బొమ్మలకు మాటొస్తే నేను బతకలేను."

భరణికి కోపం వచ్చింది, జాలి వచ్చింది, రెండూ కలిసి ఏడుపై వచ్చింది. నాయన మీద ఇంత కోపం రావచ్చని ఆమెకు ఇంతవరకు తెలియదు. ఏడుస్తూనే బోర్లా పెట్టిన ఫోన్‌ను తిప్పింది. సందులో ఎండ గోడల మీదికి ఎక్కేసింది. దీపాల వేళకు ఎక్కువ సేపు లేదు.

"ఏం చేస్తాండావ్?"

"నిజం రాస్తాండా."

"శుక్రవారం కానీ పాపా. నీ కాళ్లు మొక్కుతా. ఆ తర్వాత నువ్వేం రాసుకున్నా సరే."

"శుక్రవారం కన్ను ఎవురు గీస్తారు నాయనా?"



భరణి రాయడం మొదలుపెట్టింది. గ్రూపులో తప్పు జరిగితే ఎవరో పట్టుకునే లోపు మనమే చెప్పాలని, చుట్టూ తిప్పకుండా మొదటి వాక్యంలోనే చెప్పాలని రెబెకా నేర్పింది. మొదటి వాక్యం దగ్గరే భరణి చెయ్యి ఆగిపోయింది. 'మా నాయన' అని రాసి చెరిపింది. 'మా ఇంట్లో ఒకరు' అని రాసింది. సిగ్గేసి అదీ చెరిపింది. పక్క ఇంట్లో ఎవరో దీపం వెలిగించి గంట కొట్టారు. చివరికి రాసింది. 'సోమవారం ఫోటో మా నాయన ఓబులాచారి పొరపాటున పెట్టాడు. విగ్రహం కళ్లు తెరవలేదు, అది యాప్ పెట్టిన కళ్లు. మా నాయనకు చూపు పోయింది. రెబెకాకు ఏ సంబంధమూ లేదు. ఆమెను అన్నవాళ్లు, అనుమానించిన నాతో సహా, ఆమెకు క్షమాపణ చెప్పాలి.' కళ్లు మూసుకుని నొక్కింది.

పోలేదు. 'ఈ పోస్టుకు కామెంట్లు ఆపివేయబడ్డాయి' అని వచ్చింది.

భరణికి అర్థం కాలేదు. వేలితో పైకి జరిపింది. అక్కడ, సంజాయిషీ అడుగుతూ నాగేశ్వరమ్మ పెట్టిన పోస్టు కింద, రెబెకా తన సొంత పేరుతో రాసిన మాటలున్నాయి.

'సోమవారం ఫోటో పెట్టింది నేనే. యాప్‌లో కళ్లు దిద్దింది నేనే. అసలు విగ్రహం కళ్లు తెరవలేదు, షెడ్డు వాళ్లకు ఏమీ తెలియదు. తెలియక చేశాను. కొత్తపల్లె పెద్దలు, గ్రూపు సభ్యులు నన్ను మన్నించాలి.'

దాని కింద వచ్చిన కామెంట్లను నేను ఇక్కడ ఎత్తి రాయను. రెబెకా ఇంటినీ, వాళ్ల ప్రార్థననూ, చనిపోయిన తండ్రినీ కూడా వదల్లేదు మనవాళ్లు. నిన్నటిదాకా పాదాల ఫోటోలకు దణ్ణం పెట్టిన చేతులే అవి. అన్నిటికంటే కింద నాగేశ్వరమ్మ రాసింది. 'తప్పు ఒప్పుకున్నందుకు సంతోషం. అయినా నియమం నియమమే. రెబెకాను గ్రూపు నుంచి శాశ్వతంగా తీసేశాను. ఓబులాచారి గారి షెడ్డు మీద ఏ మచ్చా లేదు. ఈ విషయం ఇంతటితో ముగిసింది.'

భరణి రెబెకాకు ఫోన్ చేసింది.

"ఎందుకు మే? ఎందుకు రాసినావు అట్ల?"

"మధ్యాహ్నం శెట్టి ఫోన్ చేసినాడు" అంది రెబెకా. గొంతులో ఏ భావమూ లేదు, ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు. "'నువ్వేనా అని అడిగితే భరణి తల దించుకునింది, అంటే నువ్వే కదా' అన్నాడు. నువ్వు తల దించుకున్నావంటే ఎందుకో నాకు తెలిసింది. బొటనవేలు నేను సోమవారమే చూసినా మే."

భరణి గోడకు ఆనుకుని ఉన్న నాయన వైపు చూసింది.

"మీ నాయనకు కనపడదని కూడా తెలుసు. శనివారం పాదాలు ఫోటో తీయనీకి వచ్చినప్పుడు చూసేదాన్ని కదా, ఉలి కోసం తడుముకుంటాండె. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నా. నీకే తెలీదని ఇప్పుడు అర్థమైతాంది."

"నేను ఇప్పుడే నిజం రాసినా. అది పోలేదు. నాగేశ్వరమ్మకు ఫోన్ చేసి చెప్తా."

"చెప్పు. నన్ను అబద్ధాలకోరు అంటారు, మీ నాయనను గుడ్డోడు అంటారు. ఎవురికి లాభం? నాకు ఇంకో గ్రూపు దొరుకుతాది మే, మొదటినుంచి చెవి పెట్టుకుంటా. ఆయనకు చూపు ఇంకో చోట దొరకదు కదా. చీరల అంగడాయన తన పేజీ నుంచి నన్ను తీసేసినాడు. తక్కినోళ్లు రేపు తీసేస్తారేమో. అది కాదు నా బాధ. మా అమ్మ అన్నం తినడంల్యా. తన బిడ్డ ఒకరి దేవుణ్ని ఎగతాళి చేసింది అనుకుంటాంది. జన్మలో ఒక్కసారి కూడా అట్ల పెంచలేదు కదా నన్ను."

"మీ అమ్మకన్నా నిజం చెప్పు."

"చెప్తే ఊరుకుంటాదా చెన్నమ్మ టీచరు? చెప్పులు కూడా వేసుకోకుండా నాగేశ్వరమ్మ ఇంటికి పోతాది. శుక్రవారం దాకా ఏం మాట్లాడొద్దు మే. పని కానీ." అని పెట్టేసింది. పెట్టేసే ముందు ఎప్పుడూ అనే 'బేగా అన్నం తిను' అన్న మాట ఈసారి అనలేదు.

భరణి ఫోన్‌ను చెవి నుంచి తీయకముందే అది మళ్లీ మోగింది. వెంకటేశ్వర్లు శెట్టి. మూలన ఉన్న నాయనకు వినబడాలని భరణి స్పీకరు పెట్టింది. తనొక్కతే వినే ధైర్యం లేక పెట్టింది, అదే అసలు సంగతి.

"పాపా, ఊరు శాంతించింది. ఆ పిల్ల ఒప్పుకునింది కాబట్టి సరిపోయింది. విగ్రహాన్ని రేపు బండెక్కిస్తాం" అన్నాడు శెట్టి. మధ్యాహ్నం మనిషి కాదు, హాయిగా ఉంది గొంతు. "ఒక్క మాట. మీ నాయనకు చెప్పు. ఈసారి తెర వద్దంటాంది ఊరు. కళ్లు ముందే తెరిచినారో లేదో అందరూ కళ్లారా చూడాలంటాండారు. పందిట్లో, జనం మధ్యలో, ఆచారి ఒక్కడే నిలబడి బంగారు సూదితో గీయాల. నాగేశ్వరమ్మ కూడా వస్తాంది. గ్రూపులో వేలమంది చూసేటట్టు లైవ్ పెడ్తాదంట. మీ షెడ్డుకు ఇంతకంటే మర్యాద ఏముంటాది?"

భరణి నోరు తెరిచింది. చూపు పోయిందని, వేలు నాయనదని, తల దించుకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టమని, అన్నీ ఒక్కసారిగా చెప్పేద్దామని తెరిచింది. ఆమె కంటే ముందు మూలనుంచి ఓబులాచారి గట్టిగా అన్నాడు.

"వస్తా శెట్టిగారూ. నేనే గీస్తా."

"శభాష్ ఆచారీ" అని శెట్టి ఫోన్ పెట్టేశాడు.

ఓబులాచారి గోడ పట్టుకుని లేచాడు. విగ్రహం దగ్గరికి వచ్చి, పసుపు గుడ్డ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. తర్వాత పక్కనున్న బల్ల మీద బంగారు సూది ఉండే ఇత్తడి డబ్బీ కోసం చెయ్యి చాచాడు. చెయ్యి డబ్బీని దాటి పోయింది. ఉలుల మీదుగా పోయి, బల్ల అంచు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"పాపా" అన్నాడు. "సూది డబ్బీ యాడుండాది? ఇయ్యి."

డబ్బీ ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. భరణి దాన్ని తీసుకుని తన కొంగులో దాచుకుంది.